తిరుగుచూపు

పొద్దున్నే ఆఫీసు షట్టరు ఎత్తగానే దారులమ్మ చేసే మొదటి పని గోడమీది పటాన్ని తడిగుడ్డతో తుడవడం. పటం గోడంతా ఉంటుంది. పైన మంచుకొండలు, ఎడమ పక్క ఇసుక ఎడారి, నడుమ గడ్డిమైదానాలు, కుడి పక్క చిత్తడి నేలలు, అడుగున సముద్రంలోకి కాళ్ళు చాపుకుని కూర్చున్న అడవులు. ఒక మూల మంచు కురుస్తుంటే ఇంకో మూల నేల నెర్రెలు విచ్చేంత పెద్ద దేశం. ఏ జంతువు ఏ నెలలో పిల్లల్ని పెడుతుందో, ఏ పక్షి ఏ నీళ్ళ మీద వాలుతుందో, ఎప్పుడు వెళ్తే వాటి బతుక్కి అడ్డం రాకుండా చూసి రావచ్చో ఆవిడకి కంఠతా వచ్చు. గుండుసూదులకి రంగురంగుల దారాలు చుట్టి పటం మీద ప్రయాణాలు వేస్తుంది. ఒక్కో దారం ఒక్కో వ్యాను. అందుకే దారులమ్మ అయింది. అసలు పేరు ఇంట్లోవాళ్ళే మర్చిపోయారు.

ఆ పొద్దున పటం తుడుస్తుంటే, ఎదురుగా సెలూను ముందు ఒక జింక వచ్చి నిలబడింది. సెలూనతను గడ్డం గీస్తూనే ఉన్నాడు గానీ కత్తి కాస్త నెమ్మదించింది.

"ఎవరికోసం అత్తయ్యా?" అంది కోడలు, టేబులు మీద దుమ్ము దులుపుతూ.

"సెలూనతనికే. మొన్న మన చిన్న వ్యానులో వెళ్ళొచ్చాడుగా. వెళ్ళిపోతుందిలే. వాళ్ళని నేను ఎక్కువసేపు నిలబడనిచ్చానా ఏమన్నానా."

అన్నట్టే జింక ఓసారి చెవులాడించి, వీధి చివరి నీళ్ళట్యాంకు దాకా నడిచి, గోడ పక్కకి తిరిగి కనపడకుండా పోయింది. సెలూనతను మిగిలిన సగం గడ్డం పూర్తిచేశాడు.

ఆ ఊళ్ళో అదంతే. వెళ్ళి ఏ జంతువునైనా చూసొస్తే, కొన్నాళ్ళకి అది వచ్చి మనల్ని చూసి వెళ్తుంది. ఎంత దూరం నుంచి చూశామో అంత దూరంలో నిలబడుతుంది. ఎంతసేపు చూశామో అంతసేపే ఉంటుంది. ముట్టుకోదు, అరవదు. నలుగురు కలిసి వెళ్తే నాలుగుసార్లు వస్తుంది. అందర్నీ కలిపి ఒకే చూపుతో సరిపెట్టడం జంతువులకి చేతకాదు. దీన్నే తిరుగుచూపు అంటారు. వాన వస్తే గొడుగు తీసినట్టు, తిరుగుచూపు వస్తే చేతిలో పని కాస్త పక్కన పెడతారు. ఒక్కటే చిక్కు. ఆ చూపు తనమీద ఉన్నంతసేపు మనిషికి గానీ, చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి గానీ గుటక దిగదు. నోట్లో పోసుకున్న నీళ్ళు నోట్లోనే ఉంటాయి. తలుపులు మూసినా, తెరలు దించినా అంతే. కాసేపే కదా అని ఎవరూ పట్టించుకోరు.

కాసేపు కానప్పుడే అవస్థ. బస్టాండు దగ్గర ఇంకో కంపెనీ ఉండేది. జంతువుల్ని చేతికి అందేంత దగ్గరగా చూపిస్తామని బోర్డు. పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసే ఒకాయన వాళ్ళ వ్యానెక్కి వెళ్ళి, కొంగ గూట్లో తల పెట్టినంత పనిచేసి వచ్చాడు. కొన్నాళ్ళకి ఆ కొంగ సరాసరి స్నానాలగదిలోకి వచ్చి, ఆయన ముక్కుకి జానెడు దూరంలో తన ముక్కు పెట్టి నిలబడింది. ఒంటి నిండా సబ్బుతో పాపం సాయంత్రం దాకా కదల్లేదు. మర్నాడే దారులమ్మ దగ్గరికి వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. "అమ్మా, ఈసారి దూరంగా ఉండేదేదైనా చూపించండి. ఎంత దూరమైనా సరే, చుక్కలా కనిపించినా సరే."

దారులమ్మ దగ్గర అన్నీ దూరంగా ఉండేవే. గీత గీస్తుంది, ఆ గీత దాటకూడదు. టైము కాగానే లేవాలి. సెంటు పూసుకుంటే వ్యాను ఎక్కనివ్వదు. అన్నింటికన్నా ముఖ్యం, ఒకచోట రెండు వ్యాన్లు కలవకూడదు. "గుంపుని చూస్తే దాని గుండె జారిపోదూ? ఒకళ్ళు వెళ్ళాకే ఇంకొకళ్ళు" అనేది. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ మెడ గర్వంగా కొంచెం సాగేది.

ఆవిడ మాత్రం ఏ అడవికీ వెళ్ళలేదు. వ్యాను ఎక్కితే రెండో మలుపుకే కడుపులో తిప్పుతుంది. దేశాన్నంతా కుర్చీలో కూర్చుని, ఫోను చెవిన పెట్టుకుని నేర్చుకుంది.

"ఊరందర్నీ తిప్పుతావు, నిన్ను చూడ్డానికి పిచ్చుక కూడా రాదేం దారులమ్మా?" అని సెలూనతను వేళాకోళం చేసేవాడు.

"నేనెవర్ని చూశానని నన్ను చూడ్డానికొస్తారు? హాయిగా తింటున్నాను, తాగుతున్నాను" అని నవ్వేది.

ముందుగది ఆఫీసు, వెనక ఇల్లు. కొడుకు పెద్ద వ్యాను నడుపుతాడు. కోడలు ఫోన్లు చూస్తుంది. రెండు గదుల మధ్య గుమ్మంలో ఉయ్యాల, అందులో నెలల పిల్ల. ఫోను మోగితే ఏడుస్తుంది, మోగకపోయినా ఏడుస్తుంది, పాలిస్తే ఊరుకుంటుంది.

ఆ ఏడు కొండచరియలు పడి మంచుకొండల దారి మూసుకుపోయింది. చిత్తడి నేలలు ఎండిపోయి పక్షులు వాలలేదు. ఎప్పుడో మాటిచ్చిన ప్రయాణాలు, రోజూ ఫోన్లు. దారులమ్మ పటం ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. కూర్చుని కూర్చుని, చివరికి పై దారాలు, పక్క దారాలు అన్నీ విప్పేసి నడుమ గడ్డిమైదానంలో ఒకే గుండుసూదికి కట్టింది. అక్కడ ఒక మట్టిదిబ్బ కింద బొరియలో ఆడతోడేలు పిల్లల్ని పెట్టింది. కనుచూపు మేరలో ఇల్లు లేదు. ఎప్పుడో కాపలావాళ్ళు వదిలేసిన రేకుల గది ఒకటి బొరియకి కాస్త అవతల ఉంది, అంతే. గీత ఓ వీధి పొడవంత దూరాన గట్టు మీద. దుర్భిణి లేందే వివరంగా ఏమీ కనపడదు.

"అన్ని వ్యాన్లూ ఒకే తోడేలు దగ్గరికా అత్తయ్యా?" అంది కోడలు.

"ఒకే చోటికే గానీ ఒకేసారి కాదుగా. తెల్లారి మొదటిది వెళ్తుంది. అది కదిలాకే రెండోది చేరుతుంది. ఆ తర్వాత మూడోది. చీకటి పడేదాకా ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. ఎంత చక్కగా కుదిరిందో చూడు."

నిజంగానే చక్కగా కుదిరింది. పువ్వుకీ పువ్వుకీ మధ్య దారం కనపడకుండా కట్టిన దండలా కుదిరింది. కోడలు కాసేపు పటాన్నే చూసి, ఫోను మోగితే వెళ్ళిపోయింది.

కొడుకు వెళ్ళొచ్చిన ప్రతిసారీ దారులమ్మ అవే అడిగేది. "ఎవరన్నా గీత దాటారా?"

"లేదమ్మా."

"టైము మించిందా?"

"లేదు."

ఒకసారి మాత్రం కొడుకు చెప్పులు విప్పుతూ ఆగాడు. "తల్లి బొరియ బయటే పడుకుంటోందమ్మా. మొహం మన గట్టు వైపు పెట్టి. లోపల పిల్లలు ఒకటే కుయ్యోమొర్రో. మనవాళ్ళకి మాత్రం ఆ అరుపులు భలే నచ్చాయి. ఫోన్లలో రికార్డు చేసుకున్నారు."

"పిల్లలన్నాక అరవవూ?" అంది దారులమ్మ.

ఉయ్యాల్లో పాప ఏడ్చింది. కోడలు ఒళ్ళోకి తీసుకుని పాలు పట్టింది. ఏడుపు ఆగింది. ముగ్గురూ ఆ మాటని అక్కడితో వదిలేశారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి రిటైరైన పోస్టుమాస్టరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. ఎవరింటికో పెళ్ళికి వెళ్ళాల్సినవాడిలా ఉన్నాడు గానీ మొహంలో కళ లేదు.

"అమ్మా, నన్ను చూడ్డానికి ఎవరూ రాలేదు" అన్నాడు.

"ఎవరు రావాలి మాస్టారూ?"

"అదే, మీ తోడేలు. ఈపాటికి వచ్చి వెళ్ళాలిగా. రోజూ పొద్దున్నే తయారై వరండాలో కూర్చుంటున్నాను. మా ఆవిడ నవ్వుతోంది. నీ మొహం చూడ్డానికి తోడేలుకి కూడా మనసొప్పలేదంటోంది."

కోడలు నవ్వింది. దారులమ్మ కూడా నవ్వి, "రాకపోతే మంచిదేగా. ప్రశాంతంగా కాఫీ తాగండి" అంది.

పోస్టుమాస్టరు నవ్వలేదు. "మంచిదో చెడ్డదో తెలీకనే వచ్చాను. మా వ్యానులో వచ్చినవాళ్ళనీ అడిగాను. ఎవరిదగ్గరికీ రాలేదట. బతుకంతా ఉత్తరాలతోనే గడిపినవాణ్ణమ్మా. వేసిన ఉత్తరం చేరలేదంటే మాయమైపోయిందని కాదు. ఎక్కడో ఒక సంచిలో పోగుపడుతోందని."

ఆయన వెళ్ళాక దారులమ్మ ఫోను అందుకుంది. గడ్డిమైదానానికి వెళ్ళొచ్చిన వాళ్ళకి ఒక్కొక్కరికే చేసింది. టీచరమ్మకి, ఫొటోలాయనకి, బట్టలకొట్టు అన్నదమ్ములకి. ఎవరూ రాలేదండీ అన్నారు. కొందరు సంతోషంగా చెప్పారు. కొందరు అవతల తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి చెప్పారు. ఆఖరి ఫోను పెట్టేసి ఆవిడ చాలాసేపు పటం నడుమ ఉన్న గుండుసూదినే చూసింది. అన్ని దారాలు చుట్టుకుని అది కనపడటమే లేదు.

అది జరిగిన వారంలోనే ఒకరోజు తెల్లవారుతుండగా వీధి చివర నీళ్ళట్యాంకు గోడ పక్కన తోడేలు కూర్చుని ఉంది.

డొక్కలు అంటుకుపోయి, రొమ్ములు ఎండిపోయి వేలాడుతున్నాయి. ముందుకాళ్ళు దగ్గరగా పెట్టుకుని, తోక చుట్టుకుని, ఎంతసేపైనా కూర్చోవడానికే వచ్చినట్టు కూర్చుంది. ట్యాంకు నుంచి దారులమ్మ గుమ్మానికి, గట్టు నుంచి బొరియకి ఉన్నంత దూరం. జానెడు ముందుకు రాలేదు.

లోపల కోడలు పాలిస్తోంది. పాప రొమ్ము పట్టుకునే ఉంది గానీ గొంతు కదలడం లేదు. పాలు పెదవుల పక్కనుంచి జారి మెడ మీదికి వచ్చాయి.

"నీకోసమేరా" అంది దారులమ్మ కొడుకుతో. "మనింట్లో అక్కడికి వెళ్ళింది నువ్వొక్కడివే. వెళ్ళి ఎదురుగా నిలబడు. గబగబా చూసి పోతుంది."

కొడుకు వీధిలోకి వెళ్ళి నిలబడ్డాడు. తోడేలు అతన్ని కాసేపు చూసింది. తర్వాత మెడ కొంచెం పక్కకి వంచి, అతని భుజం మీదుగా ఇంటి గుమ్మాన్ని చూడసాగింది. మధ్యాహ్నం అయింది. కొడుకు కాళ్ళు పీకి లోపలికొచ్చాడు. తోడేలు చీకటి పడ్డాక లేచి వెళ్ళింది. మర్నాడు వెలుగు రాకముందే మళ్ళీ అక్కడే ఉంది.

దారులమ్మ ఆ రోజే గడ్డిమైదానం ప్రయాణాలన్నీ ఆపేసింది. అయినా తోడేలు రావడం మానలేదు.

పెద్దవాళ్ళు చీకటి పడ్డాక తిన్నారు. నెలల పిల్లకి అది కుదర్లేదు. పగలంతా ఆకలికి ఏడ్చి ఏడ్చి, చీకటి పడేసరికి సొమ్మసిల్లి నిద్రపోయేది. లేపి రొమ్ము పెడితే రెండు గుటకలు వేసి తల వాల్చేసేది. సీసాతో పట్టినా అంతే. ఎదురింటి నర్సమ్మ వచ్చి పాపని తూకం వేసి, ముల్లు చూసి, మళ్ళీ వేసింది.

"ఇలా అయితే చాలా కష్టం" అంది. "తాగడానికైనా ఓపిక ఉండాలిగా పిల్లకి. మా ఇంట్లోనూ పగలు మంచినీళ్ళు దిగట్లేదు, మేమంటే పెద్దవాళ్ళం. ముందు ఈ పిల్లని ఇక్కణ్ణించి తీసుకుపొండి."

ఆ మధ్యాహ్నమే బయల్దేరారు, పక్క ఊళ్ళో కోడలి పుట్టింటికి. దారులమ్మ కూడా ఎక్కింది. పాపని వదిలి ఉండలేనంది. ఎండ నిప్పులు చెరుగుతోంది. వ్యాను రేకు సెగలు కక్కుతోంది. కోడలు తడిగుడ్డ పాప నుదుటి మీద పెడుతూ ఉంది. అది ఆరిపోతూ ఉంది.

కొడుకు అద్దంలోంచి వెనక్కి చూసి, "అది కూడా ఇలాగే మిట్టమధ్యాహ్నమే మోసిందమ్మా" అన్నాడు.

"ఏది?"

"తోడేలు. పిల్లల్ని. మామూలుగా అయితే ఎవరూ లేనప్పుడు, చల్లబడ్డాక మారుస్తుందట. ఎవరూ లేని పూట ఎక్కడుంది? ఒక్కొక్క దాన్నీ నోట కరుచుకుని, ఎండలో, మా కళ్ళముందే ఆ మైదానం దాటింది. సాయంత్రానికి ఒక్కతే వెనక్కొచ్చి ఖాళీ బొరియ ముందు కూర్చుంది. ఆ తర్వాత వెళ్ళిన వాళ్ళంతా చూసింది దాన్నే. పిల్లలు మాకు మళ్ళీ కనపడలేదు."

"నాకెందుకు చెప్పలేదురా?"

"ఏమని చెప్పనమ్మా? ఎవరూ గీత దాటలేదుగా."

దారులమ్మ కవరు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. ఆ మలుపులో కడుపు తిప్పిందని కోడలు అనుకుంది.

పుట్టింట్లో ఆ రాత్రి పాపకి జ్వరం వచ్చింది. పొద్దున్నే కోడలి తల్లి తలుపు తీసి, వీధి చివర బడి ప్రహరీ పక్కన కూర్చున్న తోడేల్ని చూసి, తలుపు మూసింది. మూసినందువల్ల ఏమీ కాదని ఆవిడకీ తెలుసు. అయినా మూసింది.

ఆఫీసులో దారాలు అలాగే ఉన్నాయి, ఫోనెత్తే మనిషి లేదు. రెండోనాడు దారులమ్మ కొడుకుని తీసుకుని ఊరికి వచ్చింది, ఒక్క పూట పని చూసుకుని తిరిగి వెళ్దామని. షట్టరు ఎత్తి, పటం తుడిచి, చెంబుడు నీళ్ళు తెచ్చుకుంది. ఒక గుక్క నోట్లో పోసుకుంది. గుటక దిగలేదు. మెల్లగా తల తిప్పి వీధి చివరికి చూసింది. ట్యాంకు గోడ పక్కన తోడేలు అప్పుడే వచ్చి కూర్చుంటోంది.

ఫోను మోగింది. కోడలు.

"అత్తయ్యా, పాప తాగింది. ఇవాళ పొద్దున్నుంచి అది ఇక్కడ లేదు. కడుపు నిండా తాగి నిద్రపోయింది. మళ్ళీ లేచి తాగింది. చెప్తుంటే ఏడుపొస్తోంది నాకు. వింటున్నారా అత్తయ్యా?"

దారులమ్మ నోట్లో నీళ్ళు పక్కకి ఉమ్మి, "వింటున్నానమ్మా" అంది.

ఫోను పెట్టేసి కుర్చీలో కూర్చుంది. పోస్టుమాస్టరు చెప్పిన సంచి గుర్తొచ్చింది. చూసింది వాళ్ళంతా. టీచరమ్మ, ఫొటోలాయన, బట్టలకొట్టు అన్నదమ్ములు. తలా కాసేపు, గీత అవతల నుంచి, బుద్ధిగా. ఒక్కరి చూపులోనూ తప్పు లేదు. ఆ చూపులన్నింటినీ ఖాళీ లేకుండా గుచ్చి, దండ కట్టి, ఒక తల్లి మెడలో వేసింది మాత్రం తనే. సంచి మీద ఉన్నది తన పేరే.

ఆవిడ ప్రయాణాలు వేయడం తెలిసిన మనిషి. ఎన్ని వ్యాన్లు, వ్యానుకి ఎన్ని సీట్లు, సీటుకి ఎంతసేపు అని మనసులో లెక్క మొదలుపెట్టింది. ఎవరి చూపు వాళ్ళదే, కలిపి చూడటం తోడేలుకి చేతకాదు. లెక్క నెలలు దాటింది. ఏళ్ళలోకి వచ్చింది. ఇంక చాలని లెక్క ఆపేసింది.

మేడమీద అద్దెకున్నవాళ్ళ పిల్లాడు మెట్ల మీద కూర్చుని బిస్కెట్టు నోట్లో పెట్టుకుని తెల్లమొహం వేసుకున్నాడు. సెలూనతను టీ గ్లాసు చల్లారిపోతుంటే దాని వంకే చూస్తున్నాడు. ఈవైపు చూడకుండా ఉండాలని ప్రయత్నిస్తున్నాడని దారులమ్మకి తెలుస్తూనే ఉంది.

"వ్యాను తియ్యరా" అంది కొడుకుతో.

"పాప దగ్గరికా?"

"కాదు. ఇల్లు లేని చోటికి. పక్కనెవరూ లేని చోటు దేశమంతా గాలించి నేనే ఎంచిపెట్టాగా, అక్కడికి."

కొడుక్కి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక, "అమ్మా, ఇంకేదైనా చూద్దాం. నలుగుర్నీ అడుగుదాం" అన్నాడు.

"ఎవర్ని అడుగుతావు? దేశంలో ఎక్కడికి ఎలా వెళ్ళాలో అందరూ నన్నే అడుగుతారు."

రెండు చీరలు, ఒక దుప్పటి, స్టవ్వు పట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. దారంతా మలుపులే. ఒక్క చోట కూడా వ్యాను ఆపమనలేదు. పక్క అద్దంలో దూరాన, దుమ్ములో, తోడేలు పరుగూ కాని నడకా కాని తీరులో వస్తూ ఉంది. వ్యాను నెమ్మదిస్తే అదీ నెమ్మదించింది.

రేకుల గది ముందు దిగి, ఆవిడ మొదటిసారి ఆ మైదానాన్ని కళ్ళతో చూసింది. పటం మీద అరచేయంత ఉండేది.

"కోడలమ్మాయికి చెప్పు" అంది. "నా దారాలన్నీ విప్పేసి మళ్ళీ కట్టమను. ఈసారి పువ్వుకీ పువ్వుకీ మధ్య దారం కనపడాలి."

"అంటే?"

"దానికి తెలుస్తుందిలే. ఇంకోమాట. సరుకులు తెస్తే గట్టు మీద పెట్టి తల దించుకుని వెళ్ళిపో. నన్ను చూడొద్దు. నామీద ఇప్పటికే చాలా చూపుంది."

కొడుకు గట్టు దాటేసరికి తోడేలు గీత దగ్గర కూర్చుని ఉంది. వ్యాను పక్కనుంచి పోతున్నా తల తిప్పలేదు.

పాప బతికింది. బొద్దుగా తయారైంది. నడిచింది, పళ్ళు ఊడగొట్టుకుంది, బళ్ళో చేరింది. ఆఫీసులో కుర్చీ కోడలిదైంది. ఇప్పుడు పటం మీద దారాల మధ్య వెడల్పాటి ఖాళీలుంటాయి. ఫలానా రోజు ఎందుకు కుదరదని ఎవరన్నా గట్టిగా అడిగితే, "ఆ రోజు వాటిది" అని ఫోను పెట్టేస్తుంది. ప్రయాణాలు తగ్గాయి. తిరుగుచూపులు ఎప్పటిలాగే వచ్చి వెళ్తున్నాయి. పోస్టుమాస్టరు దగ్గరికి ఒక నీటికుక్క వచ్చి వరండా ఎదురుగా నిలబడితే, ఆయన భార్యని పిలిచి మరీ చూపించాడు.

ఒకసారి సరుకులివ్వడానికి వెళ్తూ పాపని కూడా తీసుకెళ్ళారు. బళ్ళో అందరికీ నానమ్మలున్నారు, నాకెందుకు లేదని ఏడ్చి గోల చేస్తే తప్పలేదు. గట్టు దగ్గరికి చేరేసరికి చీకటి పడబోతోంది. తోడేలు వేటకి వెళ్ళిపోయింది. దూరాన రేకుల గది ముందు ఒక మనిషి కూర్చుని కంచం ముందుకి లాక్కుంటోంది. తండ్రి తల దించుకుని సంచి దించాడు.

"అటు చూడకమ్మా" అని కోడలు పాప మొహాన్ని తన కడుపులో దాచుకుంది. "నానమ్మ భోంచేస్తోంది."

దాచుకునేలోపే పాప చూసింది. రెప్పపాటు.

మర్నాడు పొద్దున కోడలు షట్టరు ఎత్తుతుంటే, వీధి చివర ట్యాంకు గోడ పక్కన ఎవరో నిలబడి ఉన్నట్టనిపించింది. నెరిసిన జుట్టు, మాసిన చీర. కళ్ళు నులుముకుని చూసేసరికి ఎవరూ లేరు.

"ఎవరికోసం?" అన్నాడు సెలూనతను, గడ్డం గీయడం ఆపకుండానే.

గుమ్మంలో నిలబడ్డ పాప చెప్పింది. "నాకోసమే. నిన్న నేను చూశాగా."

కోడలు కూతురి వైపు చూసింది. పిల్ల వీధి చివరికే చూస్తూ, ఎంతసేపు చూస్తే అంతసేపు అని ఏదో లెక్క వేసుకుంటోంది. ప్రయాణం వేసేటప్పుడు అత్తయ్య పెదవులు అలాగే కదిలేవి.

మరుసటిసారి పాపని తీసుకెళ్ళకూడదనే అనుకున్నారు. వెనక సీటు కింద ముడుచుకుని వచ్చింది. మళ్ళీ చీకటి పడే వేళకే, తోడేలు వేటకి వెళ్ళాక, గట్టు దగ్గర తండ్రి తల దించుకుని సంచి దించుతుంటే, కిటికీ అద్దం కిందికి దింపి, రెండు చేతులు చట్రం మీద పెట్టి, కళ్ళు ఆర్పకుండా చూసింది. రేకుల గది ముందు నానమ్మ ముద్ద కలిపి నోటి దాకా తెచ్చింది. ముద్ద అక్కడే ఆగింది. ఆవిడ తల ఎత్తలేదు. చెయ్యి దించనూ లేదు. తండ్రి ఇంజను తిప్పి, వ్యాను మళ్ళించి, గట్టు దిగేదాకా చూస్తూనే ఉంది పాప. చూసినంతసేపూ ఆ చెయ్యి గాల్లోనే ఉంది.

మర్నాడు బడికి వెళ్ళే వేళకి నానమ్మ వచ్చింది. ట్యాంకు గోడ పక్కన, తోడేలు కూర్చున్న చోటే నిలబడింది. చిక్కిపోయింది. మొహం మీద నవ్వు లేదు, కోపం లేదు. ఊరికే చూస్తోంది. ఆవిడ వెనక, ఇంకో అంత దూరంలో, రోడ్డు మలుపు దగ్గర రెండు కళ్ళు మెరిశాయి. వీధిలో టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు దించారు.

"లోపలికి రా అమ్మా" అంది కోడలు. పాప భుజం పట్టుకుని లాగింది.

పాప గుమ్మంలోనే నిలబడింది. చేతిలో పాలగ్లాసు. ఒక గుక్క నోట్లో ఉంది, దిగడం లేదు. బుగ్గలు ఉబ్బాయి, పెదవి చివరి నుంచి ఒక తెల్లటి చార కారి గడ్డం మీదికి వచ్చింది. గ్లాసు మెల్లగా కింద పెట్టింది. అయినా కళ్ళు మాత్రం తిప్పుకోలేదు.